60 గెలుపులు, 102 ఓటములు: కొత్త యాజమాన్యంలో శాన్‌డియేగో పాడ్రేస్ (1974)

వ్యాససంగ్రహం:

అమెరికా బేస్‌బాల్ నేషనల్ లీగ్‌కు చెందిన శాన్‌డియేగో పాడ్రేస్ జట్టు 1973లోను, 1974లోను సరిగ్గా ఒకే ఫలితం సాధించింది. రెండేళ్లూ 60 గెలుపులు, 102 ఓటములు. ఈ రెంటి నడుమ యజమాని మారాడు. ఆటలో మార్పు లేదుగానీ, ప్రేక్షకుల సంఖ్య ఆరు లక్షల నుంచి పది లక్షలు దాటింది. ‘కొత్త యజమాని జట్టును రక్షించాడు’ అనే ప్రసిద్ధ కథనం ఈ తేడాను ఎంతవరకు వివరించగలదో, ఆ కథనంలో నగరపాలక సంస్థకు, ఆటగాళ్లకు దక్కని చోటు ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: క్రీడాచరిత్ర, బేస్‌బాల్, ఫ్రాంచైజీ, యాజమాన్యం, రే క్రాక్, శాన్‌డియేగో.

1. ఉపోద్ఘాతం:

క్రీడల చరిత్ర సాధారణంగా విజేతల చరిత్రగానే మనకు అందుతుంది. కప్పు గెలిచిన ఏడాది మీద పుస్తకాలు వస్తాయి. చివరి స్థానంలో నిలిచిన ఏడాదికి గణాంకాల పట్టికలో ఒక వరుస మాత్రం మిగులుతుంది. అయితే సంస్థల చరిత్రను తెలుసుకోదలచిన పరిశోధకునికి ఓడిన ఏడాదే ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం. గెలిచే జట్టు దగ్గర డబ్బు ఎందుకు పోగుపడుతుందని ఎవరూ అడగరు. ఏటా ఓడుతున్న జట్టును ఒకరు ఎందుకు కొంటారు, జనం ఎందుకు చూడవస్తారు, ఆ ఓటమికి జవాబుదారీ ఎవరు అన్న ప్రశ్నలు ఎదురైనప్పుడే ఆట వెనుక ఉన్న ఆస్తిసంబంధాలు పైకి తేలుతాయి.

బేస్‌బాల్‌తో పరిచయం లేని పాఠకుల కోసం రెండు మాటలు. అమెరికా వృత్తి బేస్‌బాల్‌లో ఒక్కో జట్టు వసంతం నుంచి శరదృతువు దాకా 162 ఆటలు ఆడుతుంది. మ్యాచ్ సమానంగా ముగియడమన్నది దాదాపు ఉండదు కాబట్టి గెలుపు ఓటముల లెక్కే జట్టు జాతకం. ఐపీఎల్ పుణ్యమా అని తెలుగు పాఠకులకు కూడా పరిచితమైన ‘ఫ్రాంచైజీ’ అనే మాట అక్కడ వంద సంవత్సరాలకు పైగా వాడుకలో ఉంది. ఒక నగరంలో లీగ్ పేరిట ఆట నడుపుకునే హక్కు అది. ఐరోపా ఫుట్‌బాల్‌లో అట్టడుగున నిలిచిన జట్టు కింది శ్రేణికి జారిపోతుంది. ఇక్కడ అలా జరగదు. ఆరేళ్లు వరుసగా చివర నిలిచినా ఏడో ఏడు అదే లీగ్‌లో ఆడవచ్చు. పైగా ఆ రోజుల్లో కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వేళ అట్టడుగు జట్లకే ముందు వరుస దక్కేది. పాడ్రేస్ కథ అర్థం కావాలంటే ఈ నియమాన్ని గుర్తుంచుకోవాలి.

2. జట్టు పుట్టుక, తొలి యజమాని:

‘పాడ్రే’ అంటే స్పానిష్ భాషలో క్రైస్తవ గురువు. 1769లో జునిపెరో సెర్రా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి శాన్‌డియేగోలో నెలకొల్పిన మిషన్ జ్ఞాపకంగా ఆ పేరు వచ్చింది. 1936లో పసిఫిక్ కోస్ట్ లీగ్ అనే ప్రాంతీయ లీగ్‌లో మొదట ఈ పేరుతో జట్టు వెలిసింది. తర్వాతి కాలంలో మహా ఆటగాడిగా పేరొందిన టెడ్ విలియమ్స్ తన వృత్తి జీవితాన్ని అక్కడే ఆరంభించాడు. 1969లో నేషనల్ లీగ్ విస్తరించినప్పుడు మాంట్రియల్‌తో పాటు శాన్‌డియేగోకు చోటు దొరికింది. పాత పేరుతోనే కొత్త జట్టు ఏర్పడింది.

దాని అధిపతి సి. ఆర్న్‌హోల్ట్ స్మిత్. బ్యాంకు, హోటల్, టాక్సీలు, ట్యూనా చేపలను డబ్బాల్లో నింపే పరిశ్రమ ఆయన చేతిలో ఉండేవి. రిచర్డ్ నిక్సన్‌కు ఆప్తుడు. నగరమంతా ఆయనను ‘మిస్టర్ శాన్‌డియేగో’ అని పిలిచేది. జట్టు మాత్రం మొదటి ఏడాది 110 ఆటలు ఓడింది. ఆ తర్వాత 99, 100, 95, 102. తన విభాగంలో ఏనాడూ చివరి స్థానం విడిచిపెట్టలేదు.

స్మిత్ సామ్రాజ్యం 1973లో కూలిపోయింది. ఆ ఏడాది అక్టోబరులో ఆయన అధీనంలోని యునైటెడ్ స్టేట్స్ నేషనల్ బ్యాంకు మూతపడింది. అప్పటివరకు అమెరికా చూసిన బ్యాంకు పతనాలన్నిటిలో అదే పెద్దది. దాని సొమ్ము ఆయన సొంత కంపెనీలకే అప్పులుగా చేరినట్లు తేలింది. అటు ఆదాయపు పన్ను శాఖ కూడా వెంటపడింది. బ్యాంకు కూలడానికి కొన్ని నెలల ముందే జట్టు అమ్మకానికి వచ్చింది. అంటే పాడ్రేస్‌ను అమ్మకానికి పెట్టించినది మైదానంలోని ఓటములకన్నా యజమాని ఇతర వ్యాపారాల అప్పులే. ఈ సంగతిని క్రీడాపుస్తకాలు ఒక వాక్యంలో ముగిస్తాయి. నిజానికి దానిపై నిలిచి చూడవలసినంత బరువు ఉంది.

3. వాషింగ్టన్‌కు కట్టిన మూటలు:

1973 మే నెలలో జోసెఫ్ డాన్‌జాన్‌స్కీ అనే వ్యాపారి జట్టును కోటి 20 లక్షల డాలర్లకు కొని వాషింగ్టన్ నగరానికి తరలించేందుకు ఒప్పందం కుదిరింది. ఆయన కిరాణా దుకాణాల గొలుసు సంస్థకు అధినేత. వాషింగ్టన్‌కు అంతకు రెండేళ్ల క్రితమే ఉన్న జట్టు టెక్సాస్‌కు పోయింది. దేశ రాజధానికి మళ్లీ ఒక జట్టు కావాలన్న కోరిక అక్కడి రాజకీయ వర్గాల్లో బలంగా ఉండేది. ఏర్పాట్లు ఎంత ముందుకు సాగాయంటే, 1974 సంవత్సరానికి టాప్స్ కంపెనీ ముద్రించిన ఆటగాళ్ల కార్డులలో కొన్నింటిపై శాన్‌డియేగో పేరు లేదు. జట్టుకు ఇంకా పేరు కూడా ఖరారు కాకపోవడంతో ‘వాషింగ్టన్, నేషనల్ లీగ్’ అన్న అర్థం వచ్చే ముక్క మాత్రమే అచ్చయింది. ఎన్నడూ ఒక్క ఆట కూడా ఆడని జట్టుకు మిగిలిన సాక్ష్యం ఆ అట్టముక్కలే. సేకరణకర్తలు వాటిని ఇప్పటికీ వెతుక్కుంటారు.

మరి జట్టు ఎందుకు కదలలేదు? ఇక్కడే నగరపాలక సంస్థ ప్రవేశిస్తుంది. శాన్‌డియేగో స్టేడియం ప్రజాధనంతో కట్టినది. 1965లో ఓటర్లు రెండు కోట్ల 70 లక్షల డాలర్ల బాండ్లకు ఆమోదం తెలిపారు. 1967లో స్టేడియం తెరుచుకుంది. ఆ స్టేడియంలో ఆడేందుకు పాడ్రేస్ చేసుకున్న కౌలు ఒప్పందం 1980లలో గాని ముగియదు. ఆ ఒప్పందాన్ని ఆధారం చేసుకొని నగర న్యాయవాది జాన్ విట్ దావా వేశాడు. జట్టును కదిలిస్తే పరిహారం కోట్లలో ఉంటుందన్న భయం లీగ్‌లోని మిగిలిన యజమానులను పట్టుకుంది. డిసెంబరులో వారు షరతులతో ఇచ్చిన ఆమోదం ఆ భయం ముందు నిలవలేదు. డాన్‌జాన్‌స్కీ బేరం చెడింది. తర్వాత గుర్రప్పందేల మైదానాల యజమానురాలు మార్జరీ ఎవరెట్ ముందుకు వచ్చింది. ఇల్లినాయ్ మాజీ గవర్నర్ ఒట్టో కెర్నర్ లంచాల వ్యవహారంతో ఆమె పేరు ముడిపడి ఉండడంతో యజమానులు అంగీకరించలేదు.

1974 జనవరిలో మూడో వ్యక్తి వచ్చాడు. ధర అదే కోటి 20 లక్షలు. జట్టు శాన్‌డియేగోలోనే ఉంటుందని హామీ. ఆయన పేరు రే క్రాక్.

4. హాంబర్గర్ల అధిపతి:

క్రాక్ 1902లో షికాగో శివారు ఓక్ పార్క్‌లో పుట్టాడు. చిన్ననాటి నుంచి షికాగో కబ్స్ అభిమాని. మిల్క్‌షేక్ కలిపే యంత్రాలు అమ్ముకుంటూ 1954లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మెక్‌డొనాల్డ్ సోదరుల దుకాణం చూశాడు. మరుసటి ఏడాది వారి పేరు మీద ఇల్లినాయ్‌లో తన మొదటి దుకాణం తెరిచాడు. 1961లో సోదరుల వాటా పూర్తిగా 27 లక్షల డాలర్లకు కొనేశాడు. 1974 నాటికి ఆయన వయస్సు 71. కబ్స్‌ను కొనాలన్న ఆశ ఉన్నా, దాని యజమాని ఫిలిప్ రిగ్లీ అమ్మలేదు. పాడ్రేస్‌ను కొంటానని భార్య జోన్‌తో చెబితే, “అదేమిటి, ఏదైనా సన్యాసుల మఠమా?” అని ఆమె అడిగినట్లు చెబుతారు.

క్రాక్ వ్యాపార ప్రతిభ అంతా ఒకే సూత్రం మీద నిలిచింది. దేశంలో ఏ మూల దుకాణానికి వెళ్లినా వేపుడు ముక్క ఒకే పొడవు, మాంసపు బిళ్ల ఒకే బరువు ఉండాలి. ఫ్రాంచైజీ తీసుకున్నవాడు నియమం తప్పితే హక్కు పోతుంది. బేస్‌బాల్‌లోనూ ‘ఫ్రాంచైజీ’ అన్న మాటే ఉంది గానీ లోపలి సరుకు వేరు. హాంబర్గర్ కంపెనీలో క్రాక్ హక్కులిచ్చే వాడు. బేస్‌బాల్‌లో లీగ్ దయ మీద హక్కు పొందినవాడు. అక్కడ నియమాలు రాసేది తాను, ఇక్కడ మరో పదకొండుమంది యజమానులతో కలిసి పాటించవలసినవాడు. అన్నిటికీ మించి, బేస్‌బాల్‌లో సరుకును ఒకే నాణ్యతతో తయారు చేయడం అసాధ్యం. ఒక జట్టు గెలిచిన ప్రతిసారీ మరొకటి ఓడి తీరాలి. ఇంత సాదా విషయం ఆయనకు తెలియదని కాదు. తెలిసినా సహించలేకపోయాడు.

5. ఏప్రిల్ 9 రాత్రి:

1974 సీజన్‌ను పాడ్రేస్ లాస్‌ఏంజెలెస్‌లో మూడు వరుస ఓటములతో మొదలుపెట్టింది. ఏప్రిల్ 8న అట్లాంటాలో హాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ కొట్టి బేబ్ రూత్ రికార్డును దాటాడు. దేశమంతా ఆ వార్తే. మరునాడు శాన్‌డియేగోలో సొంతగడ్డపై మొదటి ఆట. ప్రత్యర్థి హ్యూస్టన్ ఆస్ట్రోస్. 39,083 మంది వచ్చారు. ఊరు విడిచి పోవలసిన జట్టు మిగిలిపోయినందుకు అది ఒక పండుగ.

ఆట మాత్రం పండుగలా సాగలేదు. ఎనిమిదో ఇన్నింగ్స్ వేళకు పాడ్రేస్ వెనుకబడి ఉంది. ఆ సమయంలో క్రాక్ ప్రకటనలు చేసే గదిలోకి వెళ్లి మైకు అందుకున్నాడు. అభిమానులతో పాటు తానూ బాధపడుతున్నానని మొదలుపెట్టాడు. లాస్‌ఏంజెలెస్‌లో సీజన్ తొలి ఆటకు వచ్చినవారికన్నా ఇక్కడికి ఎక్కువమంది వచ్చారని, అది మంచి వార్త అని అన్నాడు. ఇక చెడ్డ వార్త తన జట్టు ఆట అని చెబుతుండగానే, బట్టలు లేని ఒక వ్యక్తి మైదానంలోకి పరుగెత్తాడు. ఆ ఏడాది అమెరికాలో అదొక పిచ్చి. వాణ్ణి బయటికి లాగండి, అరెస్టు చేయండి అని క్రాక్ మైకులోనే అరిచాడు. తర్వాత మళ్లీ తన విషయానికి వచ్చి, ఇంత తెలివితక్కువ ఆట తాను జన్మలో చూడలేదని ముగించాడు. జనం హర్షధ్వానాలు చేశారు. ఆస్ట్రోస్ 9–5తో గెలిచింది.

ఈ ఘట్టాన్ని హాస్యకథగా చెప్పడం పరిపాటి. అయితే ఆ రాత్రి రెండు రకాల శ్రోతలు ఉన్నారు. మెట్ల మీద కూర్చున్నవారికి ఐదేళ్లుగా తమ మనసులో ఉన్న మాటను ఒక యజమాని బయటికి అన్నాడు. స్మిత్ పాలనలో ఎవరూ వారికి ఇంత మాత్రం మర్యాద చేయలేదు. మైదానంలో నిలబడినవారికి మాత్రం అది వేలమంది ఎదుట యజమాని తమ పనివారిని తిట్టడమే. ఆటగాళ్ల సంఘం నాయకుడు మార్విన్ మిల్లర్, బేస్‌బాల్ కమిషనర్ బోవీ కూన్ ఆక్షేపించారు. క్రాక్ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

హ్యూస్టన్ ఆటగాడు డగ్ రేడర్ స్పందన అన్నిటికన్నా పదునైనది. క్రాక్ తాను మాట్లాడుతున్నది హోటల్లో పొయ్యి దగ్గర నిలబడే వంటవాళ్లతో అనుకుంటున్నాడని ఆయన అన్నాడు. ఈ మాటతో నొచ్చుకున్నది ఆటగాళ్లు కాదు, వంటవాళ్లు. శాన్‌డియేగో యాజమాన్యం ఈ వివాదాన్ని కూడా సొమ్ము చేసుకుంది. ఆస్ట్రోస్ మళ్లీ వచ్చినప్పుడు వంటవాళ్ల పేరిట ఒక ప్రత్యేక రాత్రి జరిపింది. రేడర్ వంటవాడి టోపీ, ఏప్రను ధరించి అంపైర్లకు జట్టు జాబితా అందించాడు. అందరూ నవ్వుకున్నారు. తర్వాతి ఏడాది చివర రేడర్ పాడ్రేస్‌కే బదిలీ అయి వచ్చాడు! తనకు ఇష్టమున్నదీ లేనిదీ అడగవలసిన బాధ్యత జట్టుకు లేదు.

6. ఆ సీజన్‌లోని ఆటగాళ్లు:

జట్టులో పేరున్నవారు లేకపోలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తెచ్చుకున్న విల్లీ మెకోవీ వయస్సు మీద పడినా 22 హోమ్ రన్లు కొట్టాడు. అంతకుముందు ఏడాది విశ్వవిద్యాలయం నుంచి నేరుగా వచ్చి చేరిన డేవ్ విన్‌ఫీల్డ్ 20 కొట్టాడు. ఈ ఇద్దరూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరినవారే. కొత్త మేనేజరుగా జాన్ మెక్‌నమారా వచ్చాడు. బజీ బవాసీ అధ్యక్షుడిగా కొనసాగాడు. ఫలితం మాత్రం కదలలేదు. విభాగంలో ప్రథమ స్థానం పొందిన లాస్‌ఏంజెలెస్ డాడ్జర్స్ 102 గెలిచి 60 ఓడింది. పాడ్రేస్ 60 గెలిచి 102 ఓడింది. అద్దంలో ప్రతిబింబంలా ఉన్న ఆ రెండు అంకెల నడుమ 42 ఆటల దూరం.

ఆ ఓటముల బరువు ఎక్కువగా మోసినవాడు రాండీ జోన్స్ అనే యువ పిచ్చర్. ఆయన లెక్క 8 గెలుపులు, 22 ఓటములు. మామూలుగా ఇంతటితో ఒక పిచ్చర్ జీవితం ముగియాలి. కానీ మరుసటి ఏడాది అదే జోన్స్ 20 గెలిచాడు. 1976లో 22 గెలిచి లీగ్‌లో ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారం అందుకున్నాడు. ఏప్రిల్ 9న యజమాని ‘తెలివితక్కువ’ అని తీర్మానించిన జట్టులోనే ఆయన కూడా ఉన్నాడన్నది మరచిపోరాదు.

7. ప్రేక్షకులు ఎందుకు పెరిగారు?

1973లో ఈ జట్టు సొంత ఆటలకు వచ్చినవారు 6,11,826 మంది. 1974లో 10,75,399 మంది. పది లక్షలు దాటడం జట్టు చరిత్రలో అదే మొదటిసారి. గెలుపుల సంఖ్య ఒక్కటి కూడా మారలేదు గనుక, గెలుపు వల్లే జనం వస్తారన్న సామాన్య సూత్రం ఇక్కడ పనికిరాదు. చరిత్రకారునికి ఇంత శుభ్రమైన పోలిక అరుదుగా దొరుకుతుంది.

క్రాక్ వ్యక్తిత్వమే కారణమని జనశ్రుతి. కొంత నిజం ఉండవచ్చు. ప్రేక్షకుల మధ్య కూర్చొని ఆట చూసే యజమాని శాన్‌డియేగోకు కొత్త. వినోదం కూడా పెరిగింది. ఆ వసంతంలోనే కేజీబీ అనే స్థానిక రేడియో కేంద్రం (సోవియట్ గూఢచారి సంస్థతో దీనికి సంబంధం లేదు) ప్రచారం కోసం టెడ్ జియానూలాస్ అనే కళాశాల విద్యార్థికి కోడి వేషం కట్టించింది. ఆ కోడి పాడ్రేస్ ఆటలకు రావడం మొదలుపెట్టి, జట్టుకన్నా ఎక్కువ చప్పట్లు అందుకుంది. వృత్తి క్రీడల్లో ఈనాటి వేషధారుల సంప్రదాయానికి ఆ కోడి ప్రభావం గణనీయమైనది.

అయితే నా దృష్టిలో అసలు కారణం వేరు. 1973 సీజన్‌లో మే నెల తర్వాత శాన్‌డియేగో ప్రేక్షకుడు చూసినది ఊరు విడిచిపోతున్న జట్టును. పోయేవాడి మీద ఎవరు ప్రేమ పెంచుకుంటారు? కనుక 1973 నాటి ఆరు లక్షలు ఓటమికి మాత్రమే కొలత కాదు, అనిశ్చితికి కూడా కొలత. 1974లో ఓటమి మిగిలింది, అనిశ్చితి పోయింది. ఆ అనిశ్చితిని పోగొట్టినది ఎవరు? క్రాక్ చెక్కు రాశాడు, నిజమే. కానీ ఆయన చెక్కు రాసే అవకాశం మిగిలినది జట్టు ఊళ్లో ఉన్నందుకు. జట్టు ఊళ్లో ఉన్నది నగర న్యాయవాది దావా వల్ల. ఆ దావాకు ఆధారం కౌలు ఒప్పందం. ఆ ఒప్పందానికి ఆధారం 1965లో ఓటర్లు తమ పన్నుల పూచీ మీద కట్టించిన స్టేడియం. ‘రక్షకుడు’ అన్న బిరుదు ఈ వరుసలో చివరన వచ్చిన ఒక్కడికే దక్కడం చరిత్రరచనలో సంభవించిన అన్యాయం.

8. పనివాడు, యజమాని, పన్నులు:

1974 నాటి ఆటగాడికి జట్టును ఎంచుకునే హక్కు లేదు. ‘రిజర్వ్ క్లాజ్’ అనే నిబంధన ప్రకారం ఒప్పందం ముగిసినా అతడు పాత జట్టు ఆస్తిగానే మిగిలేవాడు. 1922లో సుప్రీంకోర్టు బేస్‌బాల్‌ను గుత్తాధిపత్య నిరోధక చట్టాల పరిధి నుంచి తప్పించింది. 1972లో కర్ట్ ఫ్లడ్ కేసులోనూ ఆ మినహాయింపును వదులుకోలేదు. ఆటగాడి కనీస వార్షిక వేతనం 1974లో 15,000 డాలర్లు. మరోవైపు, జట్టును కొన్నవారు కొనుగోలు ధరలో అధికభాగాన్ని ఆటగాళ్ల ఒప్పందాల విలువగా చూపి, యంత్రాలకు వలె ఏటా తరుగుదల లెక్కగట్టి పన్ను తగ్గించుకునే వీలుండేది. బిల్ వీక్ అనే యజమాని ప్రాచుర్యంలోకి తెచ్చిన ఈ పద్ధతికి 1976 పన్నుల చట్టం హద్దు గీసింది. ఓడే జట్టును ఎవరైనా ఎందుకు కొంటారన్న ప్రశ్నకు ఒక సమాధానం ఇందులో ఉంది. క్రాక్ తిట్టిన మనుషులు చట్టం దృష్టిలో యజమాని మారినప్పుడల్లా కొత్తగా వెల కట్టబడి అరిగిపోయే సామగ్రి.

ఆ ఏర్పాటు అప్పటికే బీటలు వారుతున్నది. 1974 ఫిబ్రవరిలో జీతాల మధ్యవర్తిత్వం మొదలైంది. ఆ ఏడాది చివర క్యాట్‌ఫిష్ హంటర్ ఒప్పందం రద్దయి బహిరంగ విపణిలోకి వచ్చినప్పుడు అతడి కోసం పోటీపడిన జట్లలో పాడ్రేస్ కూడా ఒకటి. అతడు న్యూయార్క్‌ను ఎంచుకున్నాడు. 1975 డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ తీర్పుతో రిజర్వ్ క్లాజ్ ఆచరణలో కూలింది. 1979లో క్రాక్ ఇతర జట్ల ఆటగాళ్లపై ఆసక్తి ఉందని బాహాటంగా చెప్పినందుకు కమిషనర్ కూన్ లక్ష డాలర్ల జరిమానా విధించాడు. బేస్‌బాల్‌కన్నా హాంబర్గర్లకే భవిష్యత్తు ఎక్కువని చెప్పి క్రాక్ జట్టు నిర్వహణను అల్లుడు బాలార్డ్ స్మిత్‌కు అప్పగించాడు.

9. యజమాని తర్వాత:

క్రాక్ 1984 జనవరిలో మరణించాడు. ఆ ఏడాది ఆటగాళ్లు చొక్కా చేతిపై ఆయన పేరులోని మూడు పొడి అక్షరాలు ధరించి ఆడారు. జట్టు మొదటిసారి నేషనల్ లీగ్ విజేత అయింది. ప్రపంచ సిరీస్‌లో డెట్రాయిట్ చేతిలో ఓడింది. పదేళ్ల క్రితం మైకులో తిట్లు తిన్న జట్టు ఇంతదూరం రావడం చూడకుండానే ఆయన పోవడం గురించి రాయనివారు లేరు.

అంతగా రాయబడనిది ఆ తర్వాతి సంగతి. జట్టు జోన్ క్రాక్ చేతికి వచ్చింది. ‘మఠమా?’ అని అడిగినట్లు చెప్పబడే ఆమే కొన్నేళ్ల తర్వాత పాడ్రేస్‌ను శాన్‌డియేగో నగరానికే ఉచితంగా రాసి ఇవ్వడానికి సిద్ధపడింది. ఫుట్‌బాల్‌లో గ్రీన్ బే పాకర్స్ జట్టు 1920ల నుంచి ఊరివారి వాటాలతోనే నడుస్తున్నందున, ఆ ఆలోచన అమెరికా క్రీడలకు పూర్తిగా కొత్త కాదు. స్టేడియం కట్టించినది, దావా వేసి జట్టును నిలిపినది, 102 ఓటముల ఏడాదిలో పది లక్షల టిక్కెట్లు కొన్నది ఆ నగరమే. కానీ ప్రజాసంస్థకు యాజమాన్యం ఇవ్వడానికి బేస్‌బాల్ యజమానుల వ్యవస్థ ఒప్పుకోలేదు. 1990లో ఆమె జట్టును టెలివిజన్ నిర్మాత టామ్ వెర్నర్ బృందానికి ఏడున్నర కోట్ల డాలర్లకు అమ్మింది.